వారి ఈస్టరు, మన ఖియామత్



మా ఇంటి గోడకు అవతల ఉండే మాస్టారు బాప్టిస్టు క్రైస్తవులు. రిటైరై చాలా ఏళ్లయింది. ఈ సంవత్సరం ఈస్టరుకు నెల రోజుల ముందు ఆయన భార్య, మేమంతా టీచరమ్మ అని పిలిచే ఆవిడ, చనిపోయారు. మయ్యిత్ ఇంట్లో ఉన్నంతసేపూ వచ్చేపోయేవాళ్లకు మంచినీళ్లు, టీ మా ఇంటి నుంచే వెళ్లాయి. సమాధుల తోట దాకా నేనూ వెళ్లాను. కొంతదూరం పెట్టె మోశాను. నలభై ఏళ్ల హమ్‌సాయా హక్ అది, గొప్పేమీ కాదు.

ఈస్టరు నాడు ఫజర్ కోసం లేచి తలుపు తీస్తే మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కొవ్వొత్తుల పొట్లం, బంతిపూల దండ.

"ఇంత చీకట్లో ఎక్కడికి మాస్టారూ?" అన్నాను.

"మీ చెల్లెమ్మ దగ్గరికే సాయిబు గారూ. ఇవాళ మా ప్రార్థన అక్కడే. ఆవిడ మళ్లీ లేస్తుందని చెప్పుకునే రోజు కదా" అన్నారు. గొంతు వణికింది గానీ మాట వణకలేదు.

అదే రోజు నాష్తా దగ్గర మా మేనల్లుడు ఫోను చూపించాడు. ఎవరో మునాజిరాలో మాట్లాడిన వీడియో. చనిపోయినవాడు మూడు రోజులకు లేచాడంటే నమ్మేవాళ్లున్నారా అని ఆయన ఎగతాళి చేస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. "మామూ, దీన్ని మా కాలనీ గ్రూపులో పెడుతున్నా" అన్నాడు. ఆ గ్రూపులో మాస్టారి మనవడు కూడా ఉన్నాడు. నాయనమ్మను మట్టిలో పెట్టి నెలయింది.

"ఆగు బేటా" అన్నాను. "ఆ పిల్లవాడి మనసు సంగతి తర్వాత. ముందు నీ ఈమాన్ సంగతి చూసుకో. ఆ వీడియోలో నవ్వుతున్నది ఎవరిని చూసో నీకు తెలుసా?"

ఆ రోజు వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో పిల్లలకు పక్కింటివాళ్ల పండుగ తెలుసు గానీ వాళ్ల అఖీదా తెలియదు. తెలియనిదాన్ని కాదనడం తేలిక. తెలుసుకుని కాదనడం వేరే పని.

ముందుగా, పునరుత్థానం అంటే క్రైస్తవుల దృష్టిలో ఏమిటి? ఈసా అలైహిస్సలాంను, వారి మాటలో యేసుక్రీస్తును, శుక్రవారం సిలువ వేశారని, చనిపోయాడని, సమాధి చేశారని, ఆదివారం తెల్లవారుజామున సమాధి ఖాళీగా కనిపించిందని, ఆయన సజీవంగా శిష్యులకు కనబడ్డాడని వారి నమ్మకం. ఇది రూహ్ తిరుగుతోందని చెప్పడం కాదు. ఆయన జ్ఞాపకం మా గుండెల్లో బతికే ఉందని చెప్పడమూ కాదు. శరీరంతోనే లేచాడు, ఇక ఎప్పటికీ చనిపోడు అని. ఇంజీలులో లాజరు కథ ఉంది. అతన్ని ఈసా బతికించారు. కానీ లాజరు మళ్లీ ముసలివాడై చనిపోవలసినవాడే. ఈస్టరు అలాంటిది కాదని వాళ్లంటారు. మరణం అవతలి గట్టు మీదికి ఒక మనిషి చేరాడని వారి అర్థం.

మన కంటికి క్రిస్మస్ పెద్ద పండుగలా కనిపిస్తుంది. నక్షత్రాలు, కేకులు, కొత్తబట్టలు. కానీ మూలం చూస్తే క్రైస్తవానికి వెన్నెముక ఈస్టరే. యూదులకు పవిత్రమైనది శనివారం. మొదటి క్రైస్తవులూ యూదులే. అయినా వాళ్ల ఆరాధన ఆదివారానికి వచ్చిందంటే కారణం ఆ ఆదివారం తెల్లవారుజామే. అంటే ప్రతి వారం చర్చి గంట మోగినప్పుడల్లా అది చిన్న ఈస్టరన్నమాట. పండుగ తేదీని ఎలా లెక్కించాలన్నది 325లో నికేయా సభ దాకా వెళ్లిన విషయం. వసంత విషువత్తు తర్వాత వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. అందుకే మన పండుగల్లాగా అది కూడా చంద్రుణ్ణి పట్టుకుని మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నమ్మకం వారి ధర్మంలో పది నమ్మకాల్లో ఒకటి కాదు. ఇది తీసేస్తే మిగతావేవీ నిలబడవు. ఈ మాట నాది కాదు, వారి పౌలుది. గ్రీసులోని కొరింథు పట్నంలో ఉన్న చిన్న జమాఅత్‌కు ఆయన సుమారు 55 ప్రాంతంలో ఒక ఉత్తరం రాశాడు. దాని 15వ అధ్యాయం మొత్తం దీని గురించే. ఆ ఊళ్లో కొందరు చనిపోయినవాళ్లు లేవడం అనేదే లేదంటున్నారు. పౌలు వాళ్లతో లాయరులా వాదిస్తాడు. మృతులు లేవరంటే క్రీస్తూ లేవలేదు. ఆయన లేవకపోతే మేం చేసే బోధ ఖాళీ, మీ నమ్మకం ఖాళీ. మీ పాపాలు మీ నెత్తినే ఉన్నాయి. చనిపోయిన మీవాళ్లు పోయినట్టే. అప్పుడు మనకంటే జాలిపడదగినవాళ్లు లోకంలో ఉండరు. ఇదీ ఆయన తర్కం.

ఇది చాలా ధైర్యమైన తర్కం. తన మతం మొత్తాన్ని ఒకే ఒక్క మేకుకు తగిలించి, ఈ మేకు ఊడితే అంతా కింద పడుతుందని తానే చెబుతున్నాడు. మన దీన్ తౌహీద్ మీద, రిసాలత్ మీద, కితాబ్ మీద నిలబడింది. వారిది ఒక సంఘటన మీద నిలబడింది. ఈ తేడా మన పిల్లలకు అర్థమైతే సగం తగువులు తగ్గుతాయి.

మనలో చాలామందికి పౌలు అంటే కోపం. ఈసా అలైహిస్సలాం చెప్పిన సాదా తౌహీద్‌ను ఆయనే మార్చేశాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. ఆ చర్చ ఉంది, ఉంటుంది. కానీ ఇన్సాఫ్‌గా ఒకటి చెప్పాలి. ఆ అధ్యాయం మొదట్లోనే పౌలు ఇది తాను కల్పించింది కాదని, తనకు ముందువాళ్ల నుంచి అందిందని చెబుతాడు. పేతురు, పన్నెండుమంది, ఒకేసారి ఐదువందలకు పైగా మనుషులు, యాకోబు, మిగతా అపొస్తలులు అని సాక్షుల జాబితా ఇచ్చి, తన పేరు ఆఖర్న పెట్టుకుంటాడు. మనం ఒక హదీస్‌కు సనద్ అడుగుతాం కదా, ఇది ఆ తరహా ప్రయత్నం. ఆ సనద్‌ను మనం ఒప్పుకోం, అది వేరే సంగతి. కానీ ఇదంతా రెండు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో అల్లిన కథ అని చెబితే మాత్రం తప్పు. సిలువ ఘటన జరిగిందని వాళ్లు చెప్పే కాలానికి పాతికేళ్ల లోపే ఈ నమ్మకం రాతలోకి వచ్చింది. దాన్ని కాదనేటప్పుడు చరిత్రను వంకర చేయనక్కర్లేదు.

ఇంజీళ్లలో సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్ల పేర్లు, అక్కడ కనబడిన దూతల సంఖ్య ఒక్కో గ్రంథంలో ఒక్కోలా ఉన్నాయి. మార్కు గ్రంథం పాత ప్రతులు కొన్ని, సైనాయి, వాటికన్ ప్రతుల వంటివి, 16వ అధ్యాయం 8వ వాక్యం దగ్గరే ఆగిపోతాయి. మునాజిరా చేసేవాళ్లు వీటిని కొత్తగా కనిపెట్టినట్టు చెబుతారు. అవి క్రైస్తవ పండితులే బయటపెట్టిన సంగతులు, వారి బైబిళ్ల అడుగు గమనికల్లోనే ఉంటాయి. వారిలోనే రుడాల్ఫ్ బుల్ట్‌మన్ వంటి జర్మన్ పండితుడు శరీరం లేచిందా అన్నదాని కంటే ఆ ప్రకటనే ముఖ్యమన్నాడు. ఇంగ్లండుకు చెందిన ఎన్.టి. రైట్ 2003లో పెద్ద గ్రంథం రాసి, శరీరంతో లేచాడనకపోతే మొదటి క్రైస్తవుల చరిత్రే అర్థం కాదన్నాడు. అంటే వాళ్ల ఇంట్లోనూ ఇఖ్తిలాఫ్ ఉంది, మన ఇంట్లో లేదా?

మరి ఈ నమ్మకం ఒక సాధారణ క్రైస్తవుడి బతుకులో ఏం చేస్తుంది? మాస్టారితో ఇన్నేళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నదాన్ని బట్టి నాకు మూడు సంగతులు అర్థమయ్యాయి.

మొదటిది ఇజ్జత్. రోమన్ల కాలంలో సిలువ అంటే బానిసలకు, తిరుగుబాటుదార్లకు వేసే అవమానకరమైన శిక్ష. అలా చనిపోయినవాడు దేవుడు పంపినవాడని ఎవరు నమ్ముతారు? ఆదివారం లేకపోతే శుక్రవారం ఓటమి. లోకం ఇచ్చిన తీర్పును దేవుడు కొట్టేశాడని వాళ్లకు చెప్పేది ఆ ఆదివారమే.

రెండోది మగ్ఫిరత్. సిలువ తమ పాపాలకు కఫారా అని వారి అఖీదా. "అప్పు శుక్రవారం కట్టారు సాయిబు గారూ, ఆదివారం రసీదు వచ్చింది" అన్నారు ఒకసారి మాస్టారు. బడి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కదా, అలాగే చెబుతారు.

మూడోది ఆశ. పౌలు క్రీస్తును తొలిపంటతో పోలుస్తాడు. చేలో మొదట కోసిన పన ఇంటికి వచ్చిందంటే చేను పండిందని, మిగతా పంట వెనకే వస్తుందని అర్థం. అలాగే ఆయన లేవడం అందరూ లేవబోతున్నారనడానికి గుర్తు. కాబట్టి ఈస్టరు రెండు వేల ఏళ్ల నాటి ఒక మనిషి గురించి మాత్రమే కాదు. సమాధుల తోటలో నెల కిందట పెట్టిన టీచరమ్మ గురించి కూడా. ఆ కొవ్వొత్తులు అందుకే.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. బాప్టిస్టులు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మనిషిని నీళ్లలో పూర్తిగా ముంచి లేపుతారు. మునగడం సమాధి, లేవడం పునరుత్థానం. రోమీయులకు రాసిన లేఖ 6వ అధ్యాయంలో ఈ అర్థమే ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది అలా మునిగి లేచారు. జాన్ క్లౌ దొరగారి కాలం అది. 1876-78 నాటి కరువు అప్పుడే జనాన్ని పీల్చి వదిలింది. మునిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి నీళ్లు తాకనివ్వని మనుషులు. కరువు కోసం మతం మారారని ఆనాడూ అన్నారు, ఈనాడూ అంటారు. కానీ వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. పాత మనిషి ఈ నీళ్లలో చనిపోయాడు, లేచినవాడు కొత్త మనిషి అని మొదటిసారి ఎవరో తమతో చెప్పారు. తరాలుగా తలవంచుకుని బతికినవాడికి లేవడం అన్న మాట ఎంత బరువో మనకేం తెలుసు? మాస్టారి ముత్తాత ఆ ఏటిలో మునిగినవారిలో ఒకరట. ఆయన ఈ సంగతి చెప్పినప్పుడల్లా వీపు నిటారవుతుంది.

ఇక మన అఖీదా. దీన్ని నీళ్లు కలపకుండా చెబుతాను. సూరె నిసా 157, 158 ఆయతుల్లో ఖురాన్ స్పష్టంగా చెప్పింది. ఈసాను వాళ్లు చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్లకు అలా భ్రమ కలిగింది, అల్లాహ్ ఆయనను తన వైపు ఎత్తుకున్నాడు. మన ఆలిముల్లో అత్యధికుల తఫ్సీర్ ప్రకారం ఆయన సజీవంగా ఎత్తబడ్డారు, ఖియామత్‌కు ముందు తిరిగి వస్తారు, ఆ తర్వాత అందరిలాగే మౌత్ రుచి చూస్తారు. కాబట్టి మనకు ఆ శుక్రవారం లేదు. శుక్రవారం లేనప్పుడు ఆ ఆదివారమూ లేదు. ఒకరి బరువు మరొకరు మోయరని ఖురాన్ ఒకటి కంటే ఎక్కువచోట్ల చెప్పింది కనుక కఫారా అఖీదా కూడా మనకు లేదు. తౌబా ఉంది, అల్లాహ్ రహ్మత్ ఉంది. ఇది చిన్న తేడా కాదు. రెండు మతాలూ ఒకటేలే అని భుజం తట్టేవాళ్లతో నేను ఏకీభవించను. మాస్టారూ ఏకీభవించరు.

కానీ ఆ తేడా ఎక్కడుందో సరిగ్గా చూడండి. చనిపోయినవాడు లేవగలడా అన్న దగ్గర మనకూ వాళ్లకూ తేడా లేనే లేదు. అల్లాహ్ ఇజ్న్‌తో ఈసా అలైహిస్సలాం మృతులను బతికించారని చెప్పేది మన ఖురానే. ఇబ్రాహీం అలైహిస్సలాం మృతులను ఎలా లేపుతావో చూపించమని అల్లాహ్‌ను అడిగితే నాలుగు పక్షుల సంగతి సూరె బఖరాలో వచ్చింది. పాడుబడ్డ ఊరిని చూసి ఇది మళ్లీ ఎలా బతుకుతుందన్న మనిషిని అల్లాహ్ నూరేళ్లు మౌత్‌లో ఉంచి లేపిన సంగతి కూడా అక్కడే ఉంది. ఆయన ఉజైర్ అలైహిస్సలాం అని చాలామంది ముఫస్సిర్లు అన్నారు. అస్‌హాబె కహఫ్ సంగతి ప్రతి జుమా చదువుకునేవాళ్లం. క్రైస్తవులు దాన్నే ఎఫెసు పట్నపు ఏడుగురు నిద్రపోయినవాళ్ల కథగా చెప్పుకుంటారు. డేసియస్ చక్రవర్తి హింసకు గుహలో దాక్కున్నారని, రెండో థియొడోసియస్ కాలంలో, పునరుత్థానం మీద జనానికి అనుమానాలు పుట్టినప్పుడు, మేలుకున్నారని. సూరె కహఫ్ 21వ ఆయత్ కూడా అల్లాహ్ వాగ్దానం నిజమని, ఖియామత్‌లో సందేహం లేదని జనానికి తెలియడానికే వాళ్ల సంగతి బయటపెట్టామని చెబుతుంది. రెండు మతాలూ ఆ కథను ఒకే పని కోసం దాచుకున్నాయి.

అందుకే మేనల్లుణ్ణి ఆపాను. చనిపోయినవాడు లేస్తాడా అని నవ్వింది ఎవరు? మక్కా ముష్రిక్‌లు. ఎముకలై, మట్టైపోయాక మళ్లీ లేస్తామా అని వాళ్లు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంను ఎగతాళి చేశారు. ఒకడు పుచ్చిపోయిన ఎముక తెచ్చి చేత్తో నలిపి ఊది, దీన్ని ఎవడు బతికిస్తాడని అడిగాడు. సూరె యాసీన్ ఆఖరి ఆయతులు దానికి జవాబు. మొదటిసారి పుట్టించినవాడికి రెండోసారి కష్టమా అని. మన ఇళ్లలో మయ్యిత్ పక్కన కూర్చుని చదివే సూరె అది. అంతకు ఐదారు వందల ఏళ్ల ముందు ఏథెన్సులో పౌలు పునరుత్థానం అన్న మాట ఎత్తగానే అక్కడి తత్వవేత్తల్లో కొందరు నవ్వారని అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయం చెబుతుంది. ఏథెన్సు నవ్వు, మక్కా నవ్వు ఒకటే నవ్వు. ఆ వీడియోలో నవ్వుతున్నవాడు క్రైస్తవుణ్ణి చూసి నవ్వుతున్నానని అనుకుంటున్నాడు. నిజానికి తన వెనక నిలబడి ఉన్న సొంత నానీ జనాజాను చూసి నవ్వుతున్నాడు.

శుక్రవారం సిలువ జరిగిందా లేదా అని వాదించుకోండి, అది మన ఇఖ్తిలాఫ్. కఫారా గురించి వాదించుకోండి, అదీ మన ఇఖ్తిలాఫ్. కానీ మట్టి నుంచి మనిషి లేవడాన్ని వెక్కిరిస్తే మనం కూర్చున్న కొమ్మను మనమే నరుక్కుంటున్నట్టు. మదరసాలో పిల్లలు వల్లెవేసే ఈమానె ముఫస్సల్‌లో ఆఖరి సంగతి మౌత్ తర్వాత మళ్లీ లేపబడటం. క్రైస్తవుల నికేయా విశ్వాస ప్రమాణం కూడా మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నామనే ముగుస్తుంది.

భాషలోనే ఒక నిషానీ ఉంది. బైతుల్ మఖ్దిస్‌లో ఈసా సమాధి ఉన్నదని క్రైస్తవులు నమ్మేచోట ఒక పెద్ద చర్చి ఉంది. 335లో ప్రారంభమైన కట్టడం. ఇంగ్లీషువాళ్లు దాన్ని పవిత్ర సమాధి చర్చి అంటారు. అరబ్బు క్రైస్తవులు సమాధి పేరు పెట్టలేదు. కనీసతుల్ ఖియామా అంటారు. ఖియామత్ చర్చి అన్నమాట. ఈస్టరు నాడు అరబ్బు క్రైస్తవులు ఒకరినొకరు పలకరించేటప్పుడు మసీహ్ లేచాడనడానికి వాడే మాట 'ఖామ్'. మన ఇఖామత్‌లో ఖద్ ఖామతిస్ సలాహ్ అంటాం కదా, ఆ ధాతువే. నిలబడటం, లేవడం. నమాజుకు లేచేదీ అదే మాట, ఖియామత్ నాడు లేచేదీ అదే మాట.

ఆ చర్చి లోపల నమాజు చదవడానికి హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు ఒప్పుకోలేదని, తాను చదివితే రేపు ముస్లింలు దాన్ని మసీదు చేస్తారని బయటికొచ్చి చదివారని ఒక రివాయత్ ఉంది. దాన్ని రాసింది 10వ శతాబ్దపు అలెగ్జాండ్రియా క్రైస్తవ మతాధికారి సయీద్ ఇబ్న్ బత్రీఖ్. ఆ దగ్గర్లో ఉమర్ మసీదును 1193లో సలాహుద్దీన్ కొడుకు అల్ అఫ్జల్ కట్టించాడు. 1009లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం అదే చర్చిని కూల్చాడన్నదీ చరిత్రే, దాన్ని దాచకూడదు. శతాబ్దాలుగా ఆ చర్చి తాళంచెవి జౌదా అనే ముస్లిం ఖాందాన్ దగ్గర, తలుపు తీసే బాధ్యత నుసైబా అనే ముస్లిం ఖాందాన్ దగ్గర ఉన్నాయి. లోపల జరిగే పండుగ అర్థాన్ని వాళ్లు నమ్మరు. అయినా తలుపు వేళకు తీస్తారు. అమానత్ అంటే అదే. మనకు కావలసిన నమూనా అక్కడుంది.

ఈ మాటకొస్తే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఈస్టరుకు ముబారక్‌బాద్ చెప్పవచ్చా? ఇది నా రాయి మాత్రమే, ఫత్వా కాదు. క్రీస్తు నిజంగా లేచాడన్న వారి పలకరింపును నేను నోటితో అనను. అది వారికి కలిమా లాంటిది. నమ్మకుండా మర్యాద కోసం అంటే నా అఖీదాకూ ద్రోహం, వారి కలిమాకూ అవమానం. మాస్టారు నా ముందు మొహమాటానికి షహాదత్ చదివితే నాకెలా ఉంటుంది? పండుగ పూట మర్యాదగా ఒక మాట చెప్పేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల నియ్యత్ వాళ్లది. నేను మాత్రం మాట బదులు పని ఎంచుకున్నాను. ఆ తెల్లవారుజామున మాస్టారితో సమాధుల తోట గేటు దాకా నడిచాను. దారి చీకటి, ఆయనకు చూపు తక్కువ. టార్చి పట్టుకున్నాను. లోపలికి వెళ్లబోతూ ఆయన "చాలు సాయిబు గారూ, మీ నమాజు వేళవుతోంది" అన్నారు. మన ప్రవక్త ఒక యూదుడి జనాజా వెళుతుంటే లేచి నిలబడ్డారని, అది యూదుడిది కదా అంటే అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో జవాబిచ్చారని సహీ బుఖారీలో ఉంది. నాకు ఆ హదీస్ చాలు.

గేటు బయట నుంచి చూస్తే లోపల వందల కొవ్వొత్తులు. సున్నం వేసిన సమాధులు, పూలు, పిల్లలు, పాటలు. నాకు మన షబే బరాత్ గుర్తొచ్చింది. షాబాన్ 15వ రాత్రి మనమూ ఖబరస్తాన్‌లో చెత్త తీసి, పూలు చల్లి, ఫాతెహా చదువుతాం. అది సున్నత్ కాదు, బిద్అత్ అనేవాళ్లు మనలో ఉన్నారు, ఆ వాదనలోకి ఇప్పుడు పోను. ఖబర్ల దగ్గరికి వెళ్తే ఆఖిరత్ గుర్తొస్తుందని మాత్రం హదీస్ ఉంది. కానీ నిజంగా గుర్తొస్తోందా? నన్ను నేను అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను.

ఎందుకంటే లేవడాన్ని నమ్మడం వేరు, లేస్తానని నమ్మినవాడిలా బతకడం వేరు. హషర్ మైదానంలో ఒళ్లే సాక్ష్యం చెబుతుందని, చేతులు, కాళ్లు మాట్లాడతాయని మనం పిల్లలకు నేర్పుతాం. అలా నేర్పిన నోటితోనే చెల్లెళ్లతో స్టాంపు కాగితం మీద హక్కు వదులుకున్నామని సంతకాలు పెట్టించుకుంటాం. "పెళ్లి చేశాం కదా, ఇంకేం వాటా?" అంటాం. సూరె నిసాలో అల్లాహ్ లెక్క కట్టి రాసిన హిస్సా అది. ఈసా సిలువ మీద చనిపోలేదని రుజువు చేయడానికి అదే సూరె నిసా తెరుస్తాం. 157వ ఆయత్ కంఠతా వచ్చినవాడికి 11వ ఆయత్ కనబడదా? క్రైస్తవుడితో మునాజిరాలో గెలిచినవాడు ఆ రోజు చెల్లెలి ముందు ఏం జవాబు చెబుతాడు? ఆమె తరఫున వాదించేవాడు అక్కడ ఎవరో మనకు తెలుసు.

క్రైస్తవులకూ ఈ ప్రశ్న ఉంది. పౌలు చెప్పినట్టు అంతా ఆ ఒక్క ఆదివారం మీదే నిలబడి ఉంటే, ఆ నమ్మకం ఉన్నవాడి బతుకులో అది కనబడాలి. మాస్టారిలో నాకది కనబడింది. టీచరమ్మ పోయిన రోజు ఆయన ఏడ్చారు, అన్నం ముట్టలేదు. కానీ ఆమె మీద కోపగించలేదు, దేవుడి మీద కోపగించలేదు, ఇల్లు బోసిపోయిందని తలుపులు మూసుకోలేదు. పదిహేనో రోజుకు వీధి పిల్లలకు మళ్లీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. మనం దాన్నే సబర్ అంటాం. ఆయన నమ్మే కారణం నేను నమ్మను. ఆయన సబర్‌ను మాత్రం చూడకుండా ఉండలేను.

మేనల్లుడు ఆ వీడియో పెట్టలేదు. సాయంత్రం అస్ర్ తర్వాత మాస్టారింటికి నాతో వచ్చాడు. మనవడు, వీడు అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు "మామూ, వాళ్లదీ మనదీ ఎక్కడ విడిపోతాయో ఇవాళ అడిగి తెలుసుకున్నా. వాడు కూడా మనది అడిగాడు" అన్నాడు. నేను కోరుకున్న మునాజిరా అదే.

ఆ రాత్రి మా ఆవిడ ఒక మాట అడిగింది. "మీ చెల్లెలి పొలం కాగితాలు సంగతి ఎప్పుడు చూస్తారు?" మా అబ్బా పోయి పదకొండేళ్లు. ఆ హిస్సా ఇంకా నా పేరు మీదే ఉంది. రేపు రేపంటూ వచ్చాను. ఇన్ని మాటలు రాసినవాడు అది దాచుకుంటే మునాఫిఖ్ అవుతాడు కనుక ఇక్కడ రాస్తున్నాను. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తున్నాం.

అల్లాహ్ మనందరినీ ఆ రోజున సిగ్గుపడని ముఖాలతో లేపుగాక. ఆమీన్.

వస్సలాం.